షుగర్ పుస్తకం, గోడ క్యాలెండరు

మా ఇంట్లో గోడ క్యాలెండరు మీద మూడు రకాల గుర్తులుంటాయి. పాలు పోయించుకోని రోజు దగ్గర సున్నా. గ్యాస్ బండ మార్చిన రోజు దగ్గర 'గ్యా'. నెలకోసారి, తేదీ పక్కన మూలగా, పెన్సిల్‌తో పెట్టిన చిన్న చుక్క. చుక్క నాది, నెలసరి వచ్చిన రోజుకి గుర్తు. పెళ్ళికి ముందు అమ్మ దగ్గరున్నప్పుడూ ఇలాగే పెట్టేదాన్ని. 'ఏ పండక్కి అడ్డం వస్తుందో ముందే తెలియాలి కదే' అనేది అమ్మ. పూజలకీ ప్రయాణాలకీ పనికొచ్చే చుక్క అది. దానికీ నా షుగర్‌కీ సంబంధం ఉండొచ్చని ఇరవై ఏళ్ళపాటు ఎవరూ చెప్పలేదు. నాకూ తట్టలేదు. పైగా నేను లెక్కల టీచర్ని.

నాకున్నది టైప్ 1 షుగర్. 1994లో, ఆరో తరగతిలో ఉండగా బయటపడింది. క్లోమం ఇన్సులిన్ తయారుచేయడం మానేసింది కాబట్టి నా ఒంట్లోకి వెళ్ళేదంతా బయటినుంచి పొడుచుకున్నదే. అప్పట్లో సీసా, సిరంజి. ఇప్పుడు పెన్నులు. రాత్రి పదింటికి రోజంతా పనిచేసే లాంటస్, మూడు పూటలా తిండికి ముందు నోవోరాపిడ్. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. నెలలో కొన్ని రోజులు ఆడవాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ కాస్త మందకొడిగా పనిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికైతే క్లోమం ఇంకొంచెం వదిలి ఆ లోటు సర్దేస్తుంది, మూడో కంటికి తెలియదు. నాకు అలా సర్దిపెట్టే వాళ్ళెవరూ లేరు. పెన్ను మీద నేను తిప్పిన అంకె ఎంతో అంతే. అందుకే అందరిలోనూ చాటుగా జరిగిపోయేది నా మీటర్‌లో అంకెలై కనిపిస్తుంది.

పుష్పవతి అయినప్పుడు నాకు పదమూడేళ్ళు. మాది గోదావరి వైపు. ఆ రోజుల్లో ఆడపిల్లకి నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి పెట్టడం ఆచారం. చాప మీద కూర్చోబెట్టారు. 'షుగర్ పిల్లండీ' అని అమ్మ మొత్తుకుంటూనే ఉంది, 'ఒక్క ముద్దకేం కాదమ్మా, నడుముకి బలం' అని పేరంటాళ్ళు పెడుతూనే ఉన్నారు. మూడో రోజు ఆసుపత్రికి తీసుకెళ్తే 380. తప్పంతా చిమ్మిలి మీదికి పోయింది. కొంత దానిదే, కాదనను. కానీ ఈడొచ్చే వయసులో ఇన్సులిన్ అవసరం అమాంతం పెరుగుతుందనీ, నెలసరి మొదలైన పిల్లకి డోసులు ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉండాలనీ అక్కడ ఎవరూ అనలేదు. ఆ రోజునుంచి మా ఇంట్లో షుగర్ పెరిగితే మొదటి ప్రశ్న ఒకటే: 'ఏం తిన్నావే?'

ఆ ప్రశ్న నాతోపాటే పెరిగి పెద్దదైంది. పెళ్ళయ్యాక అత్తయ్యగారు కాస్త మర్యాదగా అడిగారు, డాక్టర్లు కాస్త విసుగ్గా అడిగారు. నేను చూపించుకున్న ఒకాయన నేను షుగర్ అంకెలు రాసుకునే పుస్తకం తిరగేసి, వరసగా నాలుగు రోజులు పరగడుపున 190, 204, 211, 198 ఉన్నచోట వేలు పెట్టి, 'టీచరమ్మా, పిల్లలకి పాఠాలు చెబుతారు, మీరు మాత్రం నోరు కట్టుకోలేరా?' అన్నారు. ఆ నాలుగు రోజులూ రాత్రి రెండు పుల్కాలూ బీరకాయ కూరా తిన్నాను. చెబితే నమ్మరని చెప్పలేదు. కొన్నాళ్ళకి నాకే నా మీద నమ్మకం పోయింది. నిద్రలో లేచి ఏమైనా తింటున్నానేమో అని కూడా అనుకున్నానంటే చూడండి.

ప్రతిసారీ ఒక కారణం దొరికేది. పెళ్ళి భోజనం. పరీక్షల డ్యూటీ టెన్షన్. జలుబు. ఒక వేసవిలో కరెంటు కోతలకి ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పాడైపోయిందని తీర్మానించుకుని, నిక్షేపంలాంటి పెన్నులు రెండు పారేశాను. కొత్త పెన్ను తీశాను, రెండు రోజుల్లో షుగర్ దిగింది. 'చూశారా, నేను చెప్పలా' అని మా ఆయన దగ్గర గొప్పలు పోయాను. నిజానికి ఆ రెండో రోజున నాకు డేట్ వచ్చింది. పాత పెన్ను వాడినా దిగేదే.

ఇక ఆకలి సంగతి. దీని గురించి ఎవరికైనా చెప్పాలంటే సిగ్గుగా ఉండేది. రాత్రి తొమ్మిదిన్నర, గిన్నెలు తోమడం అయిపోయింది, పిల్లలు పడుకున్నారు. తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ అటక కింది అరలో జంతికల డబ్బా మూత చప్పుడు కాకుండా తీస్తాను. స్టీలు డబ్బా, గట్టి మూత. చప్పుడు కాకుండా తీయాలంటే బొటనవేళ్ళు రెండూ పెట్టి చుట్టూ కొద్దికొద్దిగా లేపాలి. నిలబడే తింటాను. ఒకటి, రెండు, విరిగిన ముక్కలు, చివరికి అడుగున మిగిలిన పొడి. తర్వాత ఆవకాయలో ముక్క. తర్వాత పిల్లల బిస్కెట్టు. అన్నం తిని అప్పటికి గంట కూడా కాలేదు.

షుగర్ డౌన్ అయినప్పటి ఆకలి వేరు. అది చేతులు వణికిస్తుంది, చెమటలు పట్టిస్తుంది, ఎదురుగా ఏది ఉంటే అది నోట్లో వేయిస్తుంది. ఇది అలాంటిది కాదు. మీటర్ 214 చూపిస్తున్నప్పుడు వేసే ఆకలి. రక్తంలో చక్కెర నిండుగా ఉంది, కణాల్లోకి మాత్రం సరిగ్గా పోవడం లేదు. ఒంటికి తెలిసిందల్లా తిండి అందడం లేదనే. వాకిట్లో ధాన్యం బస్తాలున్నా పొయ్యి మీద ఎసట్లో గింజ పడని ఇల్లులాంటిది. దానికి తోడు ఆ రోజుల్లో హార్మోన్లు మామూలు ఆడవాళ్ళకే ఆకలి పెంచుతాయి. ఈ రెండూ కలిస్తే జంతికల డబ్బా ఒక లెక్కా?

అసలు ముడి విడింది 2016 మాఘమాసంలో, తమ్ముడి గృహప్రవేశం పుణ్యమా అని. ముహూర్తం రోజుకి సరిగ్గా నా చుక్క పడేలా ఉంది. ఆడపడుచుని, పాలు పొంగించాల్సింది నేను. 'మాత్ర వేసుకో తల్లీ' అంది అమ్మ. డేట్ వెనక్కి జరిపే మాత్రల సంగతి మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. మందుల షాపులో చీటీ కూడా అడగలేదు. నోరెథిస్టెరాన్, 5 మిల్లీగ్రాములు, రోజుకి మూడు. డేట్‌కి మూడు రోజుల ముందు మొదలుపెట్టి పది రోజులు వేసుకున్నాను.

ఆ పది రోజులూ నా షుగర్ 200 కిందకి రాలేదు. కొత్తింటి హడావుడి, బంధువులు, పులిహోర అని మళ్ళీ నాకు కారణాలు దొరికాయి. లాంటస్ 18 యూనిట్ల నుంచి 20కి, 22కి, చివరికి 24కి పెంచుకుంటూ పోయాను. పాలు పొంగాయి, భోజనాలయ్యాయి, మాత్రలు ఆపేశాను. మూడో రోజు డేట్ వచ్చింది. ఆ రాత్రి రెండున్నరకి చెమటతో దిండు తడిసిపోయి మెలకువ వచ్చింది. నాలుక మొద్దుబారింది. మా ఆయన్ని లేపుదామంటే పేరు నోటికి రాలేదు, భుజం మీద కొట్టాను. ఆయన లేచి మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గ్లాసులో కలిపి తాగించి, వేలు పొడిచి చూశారు. 48. పావుగంటకి 66. ఇంకో గ్లాసు. తర్వాత ఒక అరటిపండు. తెల్లారేదాకా ఆయన పడుకోలేదు.

పొద్దున కాఫీ తాగుతూ ఆయన ఒక మాట అన్నారు. ఆయనకి వైద్యం ఏమీ తెలియదు, సహకార సంఘంలో లెక్కలు రాసే మనిషి. 'ఆ మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ ఎక్కువే ఉంది, ఆపగానే పడిపోయింది. మాత్రల్లో ఏముంటుంది?' ఖాళీ అట్ట వెతికి చదివాం. చిన్న అక్షరాల కాగితంలో షుగర్ ఉన్నవాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలని రాసే ఉంది. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ చేసే పనిని ఆ మాత్ర కృత్రిమంగా చేస్తుంది. అంటే మాత్ర లేకుండానే, ప్రతినెలా, ఒంట్లో ప్రొజెస్టెరాన్ పెరిగే రోజులు కొన్ని ఉంటాయి కదా? అప్పుడు?

ఆ ఆదివారం నేను వంట చేయలేదు. బీరువాలోంచి షుగర్ పుస్తకాలు తీశాను. గోడ మీది క్యాలెండరు దించాను. పోయినేడాదిది అదృష్టవశాత్తూ అటక మీద ఉంది, పిల్లల పుస్తకాలకి అట్టలేద్దామని దాచింది. బడినుంచి తెచ్చుకున్న గ్రాఫు కాగితం పరిచాను. x-అక్షం మీద 1 సెంటీమీటరుకి 2 రోజులు, y-అక్షం మీద 1 సెంటీమీటరుకి 20. మొదట మామూలుగా నెల తేదీల ప్రకారం గుర్తులు పెడితే ఏమీ అర్థం కాలేదు, చీమలు పాకినట్టుంది. నా డేట్ ప్రతినెలా ఒకే తారీఖున రాదు మరి. తర్వాత తట్టింది. తారీఖులు కాదు, చుక్కనే మూలబిందువుగా పెట్టాలి. చుక్కకి ఎన్ని రోజుల ముందు, ఎన్ని రోజుల తర్వాత. ముందువి రుణ సంఖ్యలు, తర్వాతివి ధన సంఖ్యలు. పదో తరగతి పిల్లలకి ఏటా చెప్పే పాఠమే.

ఏడు నెలల పరగడుపు రీడింగులు అలా పేర్చి సగటు కట్టాను. రుణం పన్నెండు నుంచి రుణం ఎనిమిది దాకా: 128. రుణం ఆరు నుంచి రుణం ఒకటి దాకా: 186. చుక్క పడ్డ మర్నాటినుంచి మూడు రోజులు: 104. గీత కలుపుతుంటే చెయ్యి ఆగింది. గుట్ట ఎక్కుతున్నట్టు ఎక్కి, చుక్క దగ్గర బావిలోకి దిగినట్టు దిగుతోంది. ఏడు నెలల్లో అయిదు నెలలు అదే ఆకారం. ఇరవై ఏళ్ళుగా 'ఏం తిన్నావే' అన్న ప్రశ్నకి జవాబు ఆ కాగితం మీద ఉంది. ఆ పూట ఏడ్చాననే చెప్పాలి. ఆయన మాత్రం గ్రాఫు చూసి 'స్కేలు రాయలేదు, ఒక మార్కు కట్' అన్నారు.

ఆ తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నది ఇదీ. రక్తం కనిపించిన రోజు మొదటి రోజు. అక్కణ్ణుంచి అండం విడుదలయ్యేదాకా ఈస్ట్రోజన్ హవా. అది ఆకలిని కాస్త అణిచి ఉంచుతుంది, ఇన్సులిన్ కూడా చెప్పిన మాట వింటుంది. అండం విడుదలయ్యేది సాధారణంగా తర్వాతి డేట్‌కి రెండు వారాల ముందు. అప్పటినుంచి ప్రొజెస్టెరాన్ పెరగడం మొదలై, ఓ వారానికి శిఖరానికి చేరుతుంది. ఒంటి వేడి కూడా కొద్దిగా పెరుగుతుంది. ఇన్సులిన్‌కి ఒళ్ళు స్పందించడం తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. గర్భం నిలవకపోతే రెండు హార్మోన్లూ పడిపోయి డేట్ వస్తుంది, ఇన్సులిన్ మళ్ళీ దారిలో పడుతుంది. పడిపోవడం ఒకటి రెండు రోజుల్లో జరిగిపోతుంది కాబట్టి పెంచిన డోసు అలాగే ఉంటే నా 48 లాంటి రాత్రులు వస్తాయి.

2023లో జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు ప్రచురించిన సంగతి ఒకటి పత్రికలో చదివాను. షుగర్ లేని ఆడవాళ్ళకి ముక్కులో ఇన్సులిన్ స్ప్రే కొట్టి చూశారట, అలా అయితే అది నేరుగా మెదడుకి చేరుతుంది. నెలసరి చక్రంలో మొదటి సగంలో అయితే, మెదడుకి చేరిన ఇన్సులిన్ వల్ల మిగతా ఒళ్ళు కూడా ఇన్సులిన్‌కి బాగా స్పందించింది. రెండో సగంలో ఆ ఫలితం లేదు. అంటే ఈ మందగింపు కండలోనో కాలేయంలోనో మాత్రమే కాదు, మెదడులో కూడా ఉందన్నమాట. తిండి మీద మనసు పోవడమూ మెదడు పనే కాబట్టి ఈ రెండూ ఒకే చోట ముడిపడి ఉండొచ్చని నాకనిపించింది. ఇది నా ఊహ మాత్రమే, వాళ్ళు చెప్పింది కాదు.

గ్రాఫు పట్టుకుని వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈవిడ మడత విప్పి టేబుల్ మీద పరిచి, కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. 'ఎవరు గీశారమ్మా?' 'నేనేనండీ.' 'ఇన్నేళ్ళూ డోసు ఒకటే వేసుకున్నారా?' నన్నేదో తిట్టబోతున్నారనుకున్నాను. 'మాదీ తప్పే, మేం అడగాలి కదా' అన్నారు. డేట్‌కి ఆరు రోజుల ముందునుంచి లాంటస్ 18కి బదులు 20, అన్నానికి వేసే ఇన్సులిన్ ప్రతి 10 గ్రాముల పిండి పదార్థానికి ఒక యూనిట్ కాకుండా 8 గ్రాములకి ఒకటి, డేట్ రాగానే అన్నీ పాత లెక్కకి. ఆవిడ నా పుస్తకం చూసి నాకు చెప్పిన అంకెలివి. ఇంకొకరికి వేరే ఉంటాయి, కొందరికి అసలు మార్చాల్సిన పనే ఉండదు. 250 దాటితే మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) చూసుకోమని స్ట్రిప్పులు కూడా రాశారు.

మొదటి రెండు నెలలు పండగే. ఆరు రోజులూ 140 దాటలేదు. మూడో నెల దెబ్బ తిన్నాను. రాత్రి పదింటికి 20 యూనిట్లు పొడుచుకున్నాను, తెల్లవారుజామున నాలుగు రోజుల ముందే డేట్ వచ్చేసింది. లాంటస్ పొడుచుకున్నాక వెనక్కి తీయలేం కదా, మర్నాటి రాత్రిదాకా అది పనిచేస్తూనే ఉంటుంది. మూడో పీరియడ్, తొమ్మిదో తరగతి. బోర్డు మీద సమీకరణం రాస్తూ 7x అని రాయబోయి 7 మీద 7 రాసుకుంటూ పోయానట. ముందు బెంచీ పిల్ల లేచి 'మేడమ్, మీ బ్యాగులో గ్లూకోజ్ ఉందా?' అని అడిగింది. వాళ్ళ తాతగారికి షుగరట. ఆ పిల్ల తెలివికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

అప్పటినుంచి పెంచేటప్పుడు క్యాలెండరుని నమ్మినా, తగ్గించేటప్పుడు ఒంటిని నమ్మడం నేర్చుకున్నాను. డేట్‌కి ముందు రోజు నాకు నడుం కింద ఒక రకమైన లాగుడు, రొమ్ముల బరువు తగ్గడం. ఆ గుర్తు కనిపిస్తే ఆ రాత్రే 18. ఒకటి రెండుసార్లు తప్పినా పరవాలేదు. ఒక రాత్రి 190 ఉండటం కన్నా 48 ఉండటం ప్రమాదం. పొద్దున్నే లేవగానే మంచం మీదే థర్మామీటరు పెట్టుకుని ఒంటి వేడి రాసుకుంటే, అది దిగిన రోజు తెలిసిపోతుందని చదివి రెండు నెలలు ప్రయత్నించాను. అయిదింటికి అలారం, నోట్లో థర్మామీటరు, పక్కనుంచి 'అమ్మా, నా సాక్సు ఎక్కడ?' మానేశాను.

తిండి విషయంలో మాత్రం నాకు అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది. ఇన్సులిన్ లెక్క కుదిరితే ఆకలి సగం తగ్గింది, సగం మిగిలింది. మొదట్లో మొండికేశాను. డబ్బాలన్నీ పక్కింటి వాళ్ళకిచ్చేశాను. నాలుగో రోజు రాత్రి పచ్చి బెల్లం ముక్క నములుతూ దొరికిపోయాను. అప్పుడు దారి మార్చాను. ఆ వారంలో పొద్దున ఇడ్లీకి బదులు పెసరట్టు, లేదా ఇడ్లీ రెండే పెట్టుకుని పక్కన ఉడికించిన గుడ్డు. సాయంత్రం నాలుగింటికి బడిలోనే శనగ గుగ్గిళ్ళు. రాత్రి తొమ్మిదిన్నర ఆకలి నిజానికి సాయంత్రం నాలుగింటికి మొదలవుతుందని గుగ్గిళ్ళు తిన్నాకే తెలిసింది. ఇంత చేసినా సున్నుండ మీదికి మనసు పోతే, పోనిస్తాను. ఒకటి. పళ్ళెంలో పెట్టుకుని, కూర్చుని. నా లెక్కలో అమ్మ చేసే సున్నుండ అంటే 20 గ్రాముల పిండి పదార్థం. నా పెన్నులో అర యూనిట్లు లేవు కాబట్టి రెండా మూడా అని కాసేపు తర్జనభర్జన. పొడుచుకుని పావుగంట ఆగి తింటాను. నిలబడి, చప్పుడు కాకుండా మూత తీసే అవసరం పోయింది.

అమెరికాలో ఆడవాళ్ళని అడిగితే డేట్‌కి ముందు చాక్లెట్ కావాలనిపిస్తుందని చెప్పేవాళ్ళు ఎక్కువట. వేరే దేశాల్లో పుట్టి అక్కడికి వెళ్ళినవాళ్ళు అలా చెప్పడం తక్కువేనని కూడా చదివాను. అంటే ఆకలి హార్మోన్లది, కోరిక ఇంటిదీ ఊరిదీనన్నమాట. మా స్టాఫ్‌రూమ్‌లో ఒక్కరు కూడా చాక్లెట్ అనలేదు. ఒకావిడకి మిరపకాయ బజ్జీ, ఒకావిడకి పెరుగన్నంలో మాగాయ, సైన్సు మేడమ్‌కి చిన్నప్పటి పప్పుండలు. ఆ సైన్సు మేడమ్‌కీ షుగరే, టైప్ 2. నా గ్రాఫు చూసి ఆవిడా మూడు నెలలు గీసింది. గీత బల్లపరుపుగా వచ్చింది. ఆకలి పెరుగుతుంది కానీ షుగర్‌లో ఏ తేడా లేదు. అందరికీ ఒకేలా ఉండదని డాక్టరుగారు చెప్పినప్పుడు విన్నాను, సైన్సు మేడమ్ కాగితం చూశాక ఒప్పుకున్నాను. నాకే కొన్ని నెలల్లో గుట్ట రాదు. ఆ నెల అండం విడుదల కాకపోయి ఉండొచ్చు, అలాంటప్పుడు ప్రొజెస్టెరానే పెరగదు.

2021లో చేతికి సెన్సర్ పెట్టించుకున్నాను. పద్నాలుగు రోజులకి ఒకటి, ఒక నెల పూర్తిగా చూడాలంటే రెండు కావాలి. ఆ రెండిటి ఖరీదుతో మా పాపకి సైకిలు వచ్చేది, అయినా పెట్టుకున్నాను. వేలు పొడిస్తే రోజుకి నాలుగు చుక్కలు తెలుస్తాయి, దీంతో గీత మొత్తం తెలుస్తుంది. ఆ నెలలో రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, బజ్జీ. తిన్న రెండు గంటలకి చూసుకుని '150, పరవాలేదు' అనుకుని ఇన్నేళ్ళూ హాయిగా పడుకున్నాను. నూనె వల్ల అరుగుదల నిదానమై అసలు పెరుగుదల రాత్రి ఒంటిగంటకి మొదలవుతోంది. డేట్‌కి ముందు వారంలో అయితే తెల్లారేదాకా దిగడం లేదు. పరగడుపు 200ల్లో కొంత వాటా ఆ బజ్జీలదే, నిజం ఒప్పుకోవాలి. రెండోది, రాత్రి భోజనమయ్యాక ఇరవై నిమిషాలు డాబా మీద నడిస్తే ఆ వారంలో కూడా గీత వంగుతోంది. నడిచినప్పుడు కండలు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే చక్కెరని లాక్కుంటాయి. మందగించిన ఇన్సులిన్ చుట్టూ ఇదో అడ్డదారి.

సెన్సర్ ఉన్న నెలలో తిన్నదంతా కూడా రాశాను. పదమూడో రోజు దగ్గర 'అన్నం మిగిల్చాను' అని రాసి ఉంది. పద్నాలుగో రోజు 'సాయంత్రం టిఫిన్ వద్దనిపించింది'. నేను తక్కువ తినే రోజులు కూడా నెలలో ఉన్నాయని నా ముప్ఫై ఎనిమిదో ఏట తెలిసింది. ఎక్కువ తిన్న రోజులే గుర్తుంటాయి, ఎవరైనా గుర్తుచేసేవీ అవే.

అమ్మకి ఇదంతా చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. మొన్న సంక్రాంతికి ముందు ఫోన్ చేసి, 'సున్నుండలు పంపిద్దామనుకుంటున్నానే, నీ డేట్ ఎప్పుడు?' అంది. పండగ మడి కోసం కాదు, షుగర్ కోసం అడిగింది. 'పదకొండుకి' అన్నాను. 'అయితే పధ్నాలుగుకి అందేలా పంపిస్తా.' చుక్క పడ్డ తర్వాత నా ఇన్సులిన్ బాగా పనిచేసే రోజులవి. ఏ డాక్టరూ ఇంత బాగా అర్థం చేసుకోలేదు.

పదకొండుకి డేట్ రాలేదు. పంతొమ్మిదికి వచ్చింది. నాకిప్పుడు నలభై రెండు. పోయిన ఆరు నెలల్లో చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 24, 35, 27, 23, 38, 36. డాక్టరుగారు చూసి, ఈ వయసులో మొదలవుతుందమ్మా, ఇక కొన్నేళ్ళు ఇలాగే ఎగుడుదిగుడుగా ఉండొచ్చు అన్నారు. సున్నుండలు గుట్ట మీద ఉండగా వచ్చిపడ్డాయి. ఒక్కోదానికి మూడు యూనిట్లు వేసుకుని తిన్నాను. మూలబిందువే కదులుతుంటే గ్రాఫు ఎలా గీయాలో ఇంకా తేలలేదు. వారం కిందట బజారుకెళ్ళినప్పుడు పిల్లల నోటు పుస్తకాలతోపాటు కొత్త గ్రాఫు పుస్తకం ఒకటి కొన్నాను, థర్మామీటరుకి కొత్త బ్యాటరీ వేశాను.